నాన్న కాళ్లు గుమ్మం దగ్గర ఆగిపోతున్నాయి, డాన్స్ చేయించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ఐదేళ్లుగా పార్కిన్సన్స్. మందులు వేళకే వేసుకుంటున్నారు, అయినా గుమ్మం దాటాలంటే పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోతారు. వయసులో ఉండగా ఊళ్లో చెక్కభజన చేసేవారు. మొన్న శ్రీరామనవమికి వీధిలో భజన వినపడగానే లేచి, తడబడకుండా నాలుగడుగులు వేశారు! ఈ జబ్బుకి డాన్స్ మంచిదంటున్నారు, నిజమేనా? పడిపోతారేమోనని అమ్మకి ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజమేనమ్మా. ఆ నాలుగడుగులు మీరు గమనించడం చాలా మంచిదైంది.

మామూలుగా మనం ప్రతి అడుగూ ఆలోచించి వేయం, మెదడు లోతులో ఉండే బేసల్ గాంగ్లియా ఆ పని చూసుకుంటుంది. పార్కిన్సన్స్‌లో, కదలికలకి అవసరమైన డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు తగ్గిపోయేసరికి అక్కడినుంచి అడుగుకి అందాల్సిన సంకేతం సరిగా అందదు. తాళమో, నేలమీద గీతో ఆ సంకేతాన్ని బయటినుంచి ఇస్తుంది. భజన మీ నాన్నగారికి చేసింది అదే.

2001లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ డాన్స్ గ్రూప్ పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల కోసం క్లాసులు మొదలుపెట్టింది, అవి ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతున్నాయి. మన దేశంలో పుణేలో నర్తకుడు హృషీకేశ్ పవార్ నేర్పుతున్నారు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో హాక్నీ, ఎర్‌హార్ట్ అనే పరిశోధకులు ఈ జబ్బున్న కొందరికి టాంగో, ఇంకొందరికి వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్ (ఇవన్నీ జంటగా చేసే పాశ్చాత్య డాన్సులు) నేర్పించి 2009లో ఫలితాలు ప్రచురించారు. 13 వారాల్లో 20 క్లాసులయ్యాక రెండు జట్లకీ బ్యాలెన్స్ మెరుగైంది, టాంగో వాళ్లకి కొన్ని విషయాల్లో ఇంకాస్త ఎక్కువగా. టాంగోలో ఆగడం, మళ్లీ కదలడం, వెనక్కి నడవడం, తిరగడం ఉంటాయి, వీళ్లకి కష్టమయ్యేవి సరిగ్గా అవే కదా. అయితే డాన్స్‌తో జబ్బు నయం కాదు, మందు ఒక్క పూట కూడా మానకూడదు.

మీ నాన్నగారికి టాంగో ఎందుకు, ఒంట్లో ఉన్న చెక్కభజనే చాలు. గెంతులు, గిరగిరా తిరగడం మాత్రం పూర్తిగా తీసేయండి. మందు బాగా పనిచేస్తున్న వేళ చూసుకుని, చక్రాల్లేని గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, ఆయనకి బాగా తెలిసిన పాట పెట్టి, చెక్కలు చేతికిచ్చి, పాదాలు తాళానికి వేయించండి. కొన్నాళ్లకి కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, పక్కకి ఒక పెద్ద అడుగు, మళ్లీ యథాస్థానానికి. పక్కన మనిషి తప్పకుండా ఉండాలి. తిరగాల్సి వస్తే ఒక్కసారిగా కాకుండా చిన్న వలయంలో నడుస్తున్నట్టు తిరగమనండి. తాళం వేసే పని అమ్మగారికి అప్పగించండి, ఆయన కాళ్లు కదలడం రోజూ కళ్లారా చూస్తే ఆవిడ భయం కూడా కొంత తగ్గుతుంది.

గుమ్మానికి ముందు నేలమీద అడుగడుగు దూరంలో రంగు టేపు గీతలు అంటించండి. ఆగిపోయినప్పుడు చెయ్యి పట్టి లాగకండి, పడిపోయేది అప్పుడే. ముందు నిలబడనిచ్చి, బరువు ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి రెండుసార్లు మార్పించి, "ఒకటీ, రెండూ" అంటూ ఆ గీత మీద అడుగు వేయమనండి.

ఈమధ్య పడ్డారా, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయా? అలాంటిదేమైనా ఉంటే న్యూరాలజిస్టుకి చూపించేదాకా కూర్చుని చేసేవే చేయించండి.