ముఖం తెలిసినట్టే ఉంటుంది, పేరు తట్టదు. ఎందుకు?

బీసెంట్ రోడ్డులో ఎవరో నవ్వి "బాగున్నారా" అంటారు. ముఖం తెలుసు, మనిషెవరో తట్టదు. ఇది మతిమరుపా అని చాలామందికి అనుమానం. అప్పుడప్పుడైతే టెన్షన్ అక్కర్లేదండీ.

"ఎక్కడో చూశాను" అనిపించడంలో ముఖ్యపాత్ర మెదడులో ఒక భాగమైన పెరిరైనల్ కార్టెక్స్‌ది. కొత్తది కనబడితే గట్టిగా స్పందించే అక్కడి నాడీకణాలు కొన్ని, మళ్లీ అదే కనబడితే తక్కువగా స్పందిస్తాయి. ఆ తగ్గుదలే పరిచయానికి గుర్తు! నాకు ఇదే అన్నిటికన్నా అద్భుతం. ఎక్కడ, ఎప్పుడు కలిశామో అందించేది మెదడులోని మరో భాగం, హిప్పోక్యాంపస్.

ఈ మార్పులు నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు అందించుకునే చోట్ల, అంటే సంధుల్లో (సినాప్సుల్లో) జరుగుతాయి. ఎన్‌ఎండీఏ గ్రాహకాలనే ద్వారాల గుండా కణంలోకి కాల్షియం ఒక్కసారిగా వస్తే సంధి బలపడుతుంది, కొద్దికొద్దిగా చాలాసేపు వస్తే బలహీనపడుతుంది. బలపడటాన్ని బ్లిస్, లోమో అనే శాస్త్రవేత్తలు కుందేళ్ల హిప్పోక్యాంపస్‌లో గమనించి 1973లో ప్రచురించారు.

ఈసారి తట్టకపోతే, గుంటూరు బస్టాండో పెళ్లి పందిరో, ఆ మనిషిని చూసిన చోటు తలచుకోండి. చాలాసార్లు పేరు దానంతటదే నోటికొస్తుంది.