ఉగాదికి ముందు ఇల్లు తేలికపరచుకోవడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది రెండు పడకగదుల ఫ్లాట్. సజ్జల నిండా అత్తయ్యగారి ఇత్తడి బిందెలు, గంగాళాలు, పేర్లు కొట్టించిన స్టీలు సామాను ఉన్నాయి. బీరువాల్లో పేరంటాలకు వచ్చిన చీరలు, జాకెట్టు ముక్కలు పేరుకుపోయాయి. ఏటా ఉగాదికి అన్నీ దింపి, కడిగి, మళ్ళీ అక్కడే పెడుతున్నాం. ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీయగానే చికాకు మొదలవుతోంది. ఒక్క గిన్నె తీసేద్దామన్నా అత్తయ్యగారు బాధపడుతున్నారు. ఏం చేయాలి?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ చికాకును ఓర్పు లేకపోవడంగా భావించి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇద్దరూ ఉద్యోగాలు చేసే దంపతుల చేత తమ ఇంటిని చూపిస్తూ మాట్లాడించి, ఆ మాటలను వారి లాలాజలంలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ హార్మోను స్థాయులతో పోల్చి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇల్లు చిందరవందరగా ఉందనీ, పని తెమలడం లేదనీ వర్ణించిన భార్యలలో, ఉదయం నుంచి సాయంత్రానికి సహజంగా తగ్గవలసిన ఆ హార్మోను తగినంతగా తగ్గలేదు. అంతమాత్రాన సామానే ఒత్తిడికి కారణమని తేల్చలేము. ఒత్తిడిలో ఉన్నవారి కంటికే ఇల్లు అలా కనిపించి ఉండవచ్చు. అయినా ఇంటి తీరుకూ మనసుకూ సంబంధం ఉందన్న మీ అనుభవం నిరాధారమైనది కాదు.

అయితే మీరు అత్తయ్యగారి సామానుతో మొదలుపెట్టవద్దు. ఎవరి వస్తువు సంగతి వారే తేల్చుకోవాలన్నది ఈ పనిలో నేను అన్నిటికంటే ముఖ్యమని నమ్మే నియమం. ఆమె ఊరికి వెళ్ళినప్పుడు గుట్టుగా పాత సామాన్లవాడికి వేసేస్తే సజ్జ ఖాళీ అవుతుంది గాని, ఆ తరువాత ఆమె ప్రతి చెంచానూ లెక్కపెట్టుకుంటారు, ఇంకా గట్టిగా పట్టుకుంటారు. ముందుగా మీ బీరువా, మీ పుస్తకాలు, మీ చెప్పుల అర సర్దండి. తరువాత ఎవరివీ కాని వస్తువుల సంగతి చూడండి: ఫ్రిజ్ పక్కన కుక్కిన క్యారీబ్యాగులు, మూతలు పోయిన ప్లాస్టిక్ డబ్బాలు, దేనివో తెలియని చార్జర్లు, గడువు దాటిన మసాలా పొట్లాలు. చాలా ఇళ్ళలో వీటిని తీసేస్తేనే వంటగది గట్టు ఖాళీగా కనబడుతుంది, పైగా ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఆ తరువాత ఒక ఆదివారం ఒకే ఒక్క సజ్జను దింపించండి. అత్తయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్క గిన్నెనూ చేతికిచ్చి దాని కథ చెప్పమనండి. కంచం అంచున చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరును వేలితో తడిమి, అది ఎవరి గృహప్రవేశానికి ఎవరు పెట్టినదో ఆమె చెబుతారు. మీ పిల్లలు ఆ మాటలు వింటారు, కావాలంటే ఫోనులో రికార్డు చేస్తారు. ఆమె పట్టుకుని కూర్చున్నది చాలావరకు ఆ పేరునూ, ఆ మనిషినీ కనుక, వాటిని ఇంట్లోవాళ్ళు గుర్తుపెట్టుకుంటారన్న భరోసా కలిగాక గిన్నెను వదలడం ఆమెకు సులువవుతుంది. నిత్యం వాడుకునేవి కిందికి తెచ్చుకోండి. అక్కచెల్లెళ్ళ పిల్లలకు, ఆడపడుచులకు ఇవ్వదగినవి ఆమె చేతులమీదుగానే ఇప్పించండి. గంగాళం, పెద్ద గుండిగ వంటివి ఊళ్ళోని గుడికో, అన్నదాన సత్రానికో అవసరమేమో అడగండి. మిగిలినవి మళ్ళీ సజ్జ ఎక్కినా నిరాశపడకండి. కాకపోతే బరువైనవాటిని తలకంటే ఎత్తులో ఉంచవద్దని మాత్రం గట్టిగా చెప్పండి, ఎందుకంటే స్టూలు ఎక్కి పడిపోవడం ఆ వయసులో తుంటి ఎముక విరగడానికి దారితీయవచ్చు.

చీరలు, జాకెట్టు ముక్కల విషయంలో లోపలికి వచ్చే దారిని కూడా చూడాలి. ఒక పేరంటంలో వచ్చిన ముక్క ఇంకో పేరంటానికి వెళ్ళి, అక్కడి నుంచి మరొకటి మన ఇంటికే వస్తుంది, ఎవరూ కుట్టించుకోరు. ఈసారి మీ ఇంట పేరంటం జరిగినప్పుడు తాంబూలంలో పండ్లు, పూలు చాలునని మీరే మొదలుపెడితే, మీ అపార్ట్‌మెంటులో ఇంకొందరు ఊపిరి పీల్చుకుంటారని నా నమ్మకం. మెత్తబడిన నూలు చీరలు ఉంటే బొంత కుట్టించండి.

ఒక్క హెచ్చరిక. ఇంట్లో నడవడానికి, పడుకోవడానికి చోటు లేనంతగా వస్తువులు పేరుకున్నా, చిత్తుకాగితం తీసేయబోయినా తీవ్రమైన ఆందోళన కలుగుతున్నా, దానిని మొండితనంగా చూడకూడదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లోనే దీనిని ప్రత్యేకమైన రుగ్మతగా గుర్తించింది. దీనికి చికిత్స ఉంది. అటువంటప్పుడు 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవ ద్వారా ఉచితంగా, తెలుగులోనే సలహా పొందవచ్చు. మీ అత్తయ్యగారి విషయం మీరు రాసినదాన్ని బట్టి అంతవరకూ వెళ్ళినట్టు లేదు.

ప్రశ్న: ఇల్లు సర్దుతుంటే సంచెడు పాత మందులు, పాడైన ఫోన్లు, ట్యూబులైట్లు బయటపడ్డాయి. చెత్త బండిలో వేసేయవచ్చా?
(ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: అన్నిటినీ కలిపి వేయవద్దు. గడువు తీరిన మందులు, ట్యూబులైట్లు, బ్యాటరీలు ఇంట్లోని ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తాయని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలే పేర్కొన్నాయి. కనుక వాటిని విడిగా కట్టి, సంచిలో ఏముందో పారిశుద్ధ్య కార్మికులకు చెప్పి ఇవ్వాలి. ట్యూబులైటులో పాదరసం ఉంటుంది, పగలగొట్టవద్దు. మందులలో యాంటీబయాటిక్స్ నేలలో, నీటిలో కలిస్తే వాటికి లొంగని సూక్ష్మజీవులు పెరిగే ముప్పుంది కాబట్టి సింకులో పారబోయకూడదు. ఫెంటానిల్, ట్రమడాల్ అనే ఘాటైన నొప్పి మందుల వంటి 17 మందులు మాత్రం ఇతరుల చేతిలో పడితే ప్రాణాపాయం కలగవచ్చు గనుక, వాటిని టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయమని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో సూచించింది. మీ సంచిలో క్యాన్సర్ నొప్పికో, ఆపరేషన్ తరువాతో ఇచ్చిన మాత్రలు ఉంటే మందుల షాపులో ఫార్మసిస్టుకు చూపించి తెలుసుకోండి. ఫోన్ల విషయానికి వస్తే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాల ప్రకారం రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలదే. ఆ కంపెనీ వెబ్‌సైటులో సేకరణ వివరాలు చూడండి. ఇచ్చేముందు ఫోటోలు, బ్యాంకు యాప్‌లు తొలగించి రీసెట్ చేయండి. బ్యాటరీ ఉబ్బిన ఫోనును చార్జింగ్‌లో పెట్టవద్దు, నొక్కవద్దు.

ప్రశ్న: మా బాబుకు దుమ్ము పడదు. పండగ దులుపుడు మొదలైతే చాలు, ఆయాసం వస్తుంది. ఇంట్లో నెలల పాప కూడా ఉంది. జాగ్రత్తలు చెప్పండి.
(ఒక తల్లి, నెల్లూరు)

జవాబు: దులిపే రోజున పిల్లలిద్దరినీ బంధువుల ఇంటికి పంపి, పని ముగిసి దుమ్ము సద్దుమణిగాక తీసుకురండి. చీపురుతో పొడిగా దులపడం కంటే తడిగుడ్డతో తుడవడం మేలు. ఫ్యాను రెక్కలకు పాత దిండు గలీబు తొడిగి లాగితే దుమ్ము అందులోనే పడుతుంది. దుప్పట్లను, గలీబులను బాగా వేడి నీళ్ళలో, వీలైతే 60 డిగ్రీల సెల్సియస్‌లో ఉతికితే దుమ్ముపురుగులు చస్తాయి. తేమ తగ్గితే అవి బతకలేవు కనుక పరుపులను మంచి ఎండలో రెండువైపులా తిప్పి ఆరబెట్టండి. బాబు ఇన్‌హేలర్ వాడుతుంటే పండగ హడావుడిలో ఒక్క పూట కూడా తప్పించవద్దు.

పాప విషయంలో ఇంకొక మాట ఉంది. ట్రంకు పెట్టెలోంచి తీసిన పాత పొత్తిగుడ్డలకు, ఉన్ని దుప్పట్లకు నాఫ్తలీన్ ఉండల వాసన పట్టి ఉంటుంది. జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతోనే ఉన్న శిశువులకు ఆ వాసన సోకినా ఎర్ర రక్తకణాలు చితికిపోయి తీవ్రమైన కామెర్లు రావచ్చు, పైగా ఆ లోపం ఉన్నట్టు చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. కాబట్టి ఆ గుడ్డలను పాపకు వాడకపోవడమే మంచిది. ఇకముందు పెట్టెల్లో నాఫ్తలీన్‌కు బదులు ఎండు వేపాకు మూటలు పెట్టండి. ఇప్పటికే పాపను వాటిలో పడుకోబెట్టి ఉంటే, కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, పాప బాగా నీరసించి పాలు తాగకపోయినా అదే రోజున పిల్లల వైద్యుడి వద్దకు తీసుకువెళ్ళి, నాఫ్తలీన్ సంగతి తప్పకుండా చెప్పండి.