వానలో ఘాట్ దిగే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పన్నెండు టైర్ల బండి చేతికొచ్చిందనీ, రాయపూర్ నుంచి బియ్యం లోడుతో విశాఖ పోర్టుకు తిప్పుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. సాలూరులో పుట్టినవాడికి లారీ కొత్త కాదు. కానీ నువ్వు స్టీరింగ్ పట్టింది ఎండాకాలంలో. ఇప్పుడు వానలు పడ్డాయి. ముప్పై ఏళ్లు అదే రోడ్డు మీద తిరిగినవాడిని, చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

వానలో బండి మన మాట ఆలస్యంగా వింటుందిరా. 60 స్పీడులో వెళ్తుంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతావు. కాలు బ్రేకు మీదికి చేరేలోపే బండి తన పొడుగు దాటేస్తుంది. పైగా గాలి బ్రేకు, తొక్కాక గాలి చక్రాల దాకా వెళ్లి పట్టడానికి ఇంకాస్త టైము పడుతుంది. అందుకే ముందు బండికి మామూలుగా వదిలే ఖాళీకి కనీసం రెట్టింపు వదులు. ఆ సందులో కారువాడు దూరతాడు. దూరనీ. నువ్వు మళ్లీ కాస్త తగ్గు.

ఒడిశా నుంచి సాలూరుకు దిగే సుంకి ఘాట్‌లో దిగుడు మొదలవకముందే చిన్న గేరు వేసుకో. సగం దిగాక మారుద్దామంటే ఒక్కోసారి గేరు పడదు, లోడు నిన్ను తోసుకుపోతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపేవాళ్లను చూశాను, వాళ్ల బండ్లను లోయలోనూ చూశాను. బ్రేకు అదేపనిగా తొక్కి పట్టుకోకు. వాన పడుతున్నా డ్రమ్ములు కాలిపోతాయి, పట్టు పోతుంది. అలాగని మాటిమాటికీ తొక్కితే ట్యాంకులో గాలి దిగిపోతుంది. ఇంజినుతో ఆపుకుంటూ, అవసరమైనప్పుడు తొక్కి, స్పీడు తగ్గగానే వదిలెయ్. గాలి మీటరు మీద ఒక కన్నుండాలి.

లోడు బండి కంటే ఖాళీ బండికి ఎక్కువ భయపడు. ఇది చాలామంది నమ్మరు. ఒకసారి విశాఖలో దించేసి ఖాళీగా వస్తున్నాను. రామభద్రపురం దాటాక తొలకరి చినుకులు. ఎండాకాలమంతా రోడ్డుకు పట్టిన ఆయిలు, దుమ్ము, టైర్ల రబ్బరు ఆ చినుకులకే జిగురెక్కుతాయి. గట్టి వాన అయితే కడుక్కుపోతుంది, చినుకులకు పోదు. గేదె అడ్డమొచ్చింది, గట్టిగా తొక్కాను. వెనక బరువు లేదు కదా, చక్రాలు బిగుసుకుపోయి తోక పక్కకు తిరిగింది. ముందద్దంలో రోడ్డు పోయి చింతచెట్లు కనిపించాయి. కాలు తీసేసి, ఎటు పోవాలో అటు స్టీరింగ్ మెల్లగా తిప్పితే బండి దారికొచ్చింది. గేదె తన దారిన పోయింది. నా చేతుల వణుకు మాత్రం సాలూరు వచ్చేదాకా తగ్గలేదు. తడి రోడ్డు మీద ఖాళీ బండికి ఎగ్జాస్ట్ బ్రేకు, అదే పొగ గొట్టం మూసి ఇంజినుతో బండిని ఆపేది, అది కూడా వాడకు.

నీళ్లు పారుతున్న చప్టా మీదికి దిగొద్దు. ముందు బండి దాటిందని అసలే దిగొద్దు. కింద రోడ్డుందో కోసుకుపోయిందో పైనుంచి తెలియదు. ఓనరు ఫోన్ మీద ఫోన్ చేస్తాడు, టెన్షన్ పడకు. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవేనే ఆగిపోయింది. అంత పెద్ద రోడ్డు ఆగగా లేనిది నీ బండి ఆగితే తప్పేం లేదు. చిన్న గుంట నీళ్లు దాటినా, వెంటనే మెల్లగా పోతూ రెండుమూడుసార్లు బ్రేకు తేలిగ్గా ఆనించు, తడిసిన బ్రేకు లైనర్లు ఆరతాయి.

ఆగాల్సి వస్తే మట్టి అంచు మీద ఆపకు. లోడుకు ఎడమ చక్రాలు దిగబడితే బండి ఒరిగిపోతుంది. బంకులోనో ధాబా దగ్గరో గట్టి నేల చూసుకో. నాలుగు ఇండికేటర్లూ ఆగినప్పుడే వెయ్యి. నడిచే బండికి వేస్తే నువ్వెటు తిరుగుతావో వెనకవాడికి తెలియదు.

పొద్దున్నే గాలి ట్యాంకుల కింది వాల్వులు లాగి నీళ్లు వదలడం క్లీనరుకు వదిలెయ్యకు, నువ్వే దగ్గరుండి చూడు. బరకం తాళ్లు కూడా లాగి చూడు, బియ్యం తడిస్తే మాట పడేది నువ్వే. ముందు చక్రాలకు రీబటన్ టైర్లు, అంటే అరిగిన టైరుకే పైన కొత్త రబ్బరు అతికించినవి, ఎవరు వేయమన్నా ఒప్పుకోకు. వెనక లోపలి టైర్లు గుండయ్యాయని మొన్న నువ్వే అన్నావట. రేపు బయల్దేరకముందు వాటి ఫోటోలు వాట్సాప్‌లో పెట్టు, చూసి చెప్తాను.

మీ మావయ్య