లక్షణాలేమీ లేకుండా ప్రోస్టేట్ ఎమ్మారై చేయించుకోవచ్చా?

మీ వయసు 53 అనీ, మూత్రానికి సంబంధించిన ఇబ్బంది ఏదీ లేదనీ, కూకట్‌పల్లిలో ఒక స్కానింగ్ సెంటరు వారు యాభై దాటిన మగవారికి ప్రోస్టేట్ ఎమ్మారైని ప్యాకేజీగా ఇస్తున్నారనీ రాశారు. లండన్‌లో ఉన్న మీ బావమరిది అక్కడ ప్రైవేటుగా చేయించుకుని, లక్షణాలు లేనంత మాత్రాన క్యాన్సర్ లేదనుకోవద్దంటూ మిమ్మల్ని కూడా చేయించుకోమంటున్నాడనీ, ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రొటీన్‌ను కొలిచే పీఎస్‌ఏ పరీక్ష మాత్రం మీరెప్పుడూ చేయించుకోలేదనీ చెప్పారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ముందు పీఎస్‌ఏ రక్తపరీక్ష చేయించుకుని యూరాలజిస్టును కలవండి. ఎమ్మారై అవసరమని ఆయన అంటే అప్పుడు ఆలోచించండి. స్కాన్ మంచి సాధనమే. అయితే ఆ చిత్రాలను ఎవరు చదువుతారో, అటూ ఇటూ కాని రిపోర్టు వస్తే తరువాత ఏం చేయాలో తేల్చుకోకుండా మాత్రం డబ్బు కట్టకండి.

నేను వైద్యుణ్ణి కాను. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై సైనిక్‌పురిలో ఉంటున్నాను. మీలాగే ఏ లక్షణమూ లేకుండానే ఈ స్కాన్ చేయించుకున్నాను కాబట్టి రాస్తున్నాను. నాకు ఒక కారణం ఉంది. మా అన్నయ్యకు నడుం నొప్పి మొదలైనప్పుడు వయసు మీద పడడం వల్ల వచ్చినదేనని అందరూ అనుకున్నారు. చాలా నెలల తరువాత వెన్నుపూసలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. అంతవరకు ఆయనకు మూత్రం విషయంలో ఏ బాధా లేదు. ఈ క్యాన్సర్ ఎక్కువగా గ్రంథి వెనుక భాగంలో, మూత్రనాళానికి దూరంగా ఉండే అంచుల్లో పుడుతుంది. అందువల్ల తొలి దశలో ధార తగ్గడం, రాత్రిళ్లు పదే పదే లేవాల్సి రావడం వంటివి సాధారణంగా కనబడవు. అవి కనబడితే చాలా సందర్భాల్లో వయసుతో గ్రంథి పెరగడమే కారణం. కాబట్టి లక్షణాలు లేవు గనుక క్యాన్సర్ లేదనుకోవడానికి వీల్లేదన్న మీ బావమరిది మాట నిజమే. ఆ మాట నుంచి నేరుగా ఎమ్మారై దాకా వెళ్లడం దగ్గరే నాకు అభ్యంతరం.

తండ్రికో సోదరుడికో ఈ జబ్బు ఉంటే మనకు వచ్చే అవకాశం సుమారు రెట్టింపు అవుతుంది. ఆ కారణంగానే మా యూరాలజిస్టు నన్ను పరీక్షించారు. వేలితో చేసిన పరీక్షలో గ్రంథి మెత్తగానే ఉంది. పీఎస్‌ఏ 2.1 వచ్చింది. ఆ రెండూ బాగున్నా అన్నయ్య సంగతి దృష్టిలో పెట్టుకుని ఒకసారి ఎమ్మారై చూద్దామని ఆయన అన్నారు. నేను ఇంటికి దగ్గరగా ఉందని ఒక సెంటరుకు వెళ్లాను. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూశాకే, చిత్రాల్లో తేడా తెలిసేందుకు వాడే కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తామన్నారు. పెద్దపేగులో గ్యాస్ ఉంటే చిత్రాలు వంకర పోతాయి కాబట్టి విరేచనం చేసుకుని రమ్మన్నారు. పొత్తికడుపు మీద బల్లపరుపుగా ఉండే కాయిల్ ఒకటి పెట్టి బెల్టులతో బిగించారు, చేతికి సూది గుచ్చి ఉంచారు, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. ఆ తరువాత దాదాపు అరగంట సేపు కదలకుండా పడుకోవాలి. చప్పుడు గట్టిగానే ఉంటుంది గానీ నొప్పి ఏమీ ఉండదు.

రిపోర్టులో ఎడమ వైపు అంచు భాగంలో 8 మిల్లీమీటర్ల మచ్చ ఉందని, పైరాడ్స్ 4 అని రాశారు. ఈ పైరాడ్స్ అనేది 1 నుంచి 5 వరకు ఉండే అంచనా. 1, 2 అయితే చికిత్స అవసరమైన క్యాన్సర్ ఉండే అవకాశం తక్కువ, 4, 5 అయితే ఎక్కువ, 3 అంటే ఎటూ తేలలేదని అర్థం. 4 చూసి ఇంట్లో ఎవరికీ ఆ రాత్రి అన్నం సయించలేదు. అన్నయ్యకు జరిగినదే నాకూ జరగబోతోందని మా ఆవిడ బెంగపెట్టుకుంది.

యూరాలజిస్టు వెంటనే బయాప్సీ, అంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం, అనలేదు. సీడీ తీసుకుని, ప్రోస్టేట్ ఎమ్మారైలే ఎక్కువగా చదివే మరో రేడియాలజిస్టుకు చూపించమన్నారు. బంజారాహిల్స్‌లో ఆ డాక్టరు నన్ను మానిటరు ముందు కూర్చోబెట్టి చూపించిన తీరును నేను మరచిపోలేను. గ్రంథి అంచు భాగంలో ఉన్న మచ్చకు స్కోరు ఇచ్చేటప్పుడు ప్రధానంగా చూడవలసింది డిఫ్యూజన్ చిత్రాలనట. అవి కణజాలంలో నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో చెబుతాయి. కణాలు కిక్కిరిసి ఉన్న క్యాన్సర్‌లో ఆ కదలిక తగ్గుతుంది, ఏడీసీ అనే చిత్రంలో ఆ చోటు నల్లగా, గుండ్రంగా తేలుతుంది. నా మచ్చ కొద్దిపాటి నలుపుతో, కోసిన బత్తాయి తొనలాగా అంచు నుంచి లోపలికి సన్నబడుతూ పోయింది. అలాంటి ఆకారం చాలావరకు పాత వాపు వల్ల మిగిలిన గుర్తే అయి ఉంటుందని ఆయన చెప్పారు. మొదట చదివినవారు డిఫ్యూజన్‌కు 3 ఇచ్చి, కాంట్రాస్ట్ మందు అక్కడ త్వరగా చేరిందన్న కారణంతో 4కు పెంచారు. ఈయన డిఫ్యూజన్‌కు 2 ఇచ్చారు. 2 ఉన్నచోట కాంట్రాస్ట్ ఎలా ఉన్నా స్కోరు పెరగకూడదన్నది నియమం. చిత్రాలు అవే, యంత్రం అదే, కానీ బయాప్సీ చేయాలా వద్దా అన్నది చదివే కళ్లను బట్టి మారిపోయింది.

నా గ్రంథి పరిమాణం 46 మిల్లీలీటర్లు. పీఎస్‌ఏను ఆ పరిమాణంతో భాగిస్తే వచ్చే అంకెను పీఎస్‌ఏ డెన్సిటీ అంటారు. నాకు అది 0.05 దగ్గర వచ్చింది. 0.15 దాటితే డాక్టర్లు అనుమానంగా చూస్తారు. ఇవన్నీ కలిపి చూసుకుని మా డాక్టరు బయాప్సీ వద్దని, ఆరు నెలలకు పీఎస్‌ఏ, ఏడాదికి మళ్లీ ఎమ్మారై చూద్దామని నిర్ణయించారు. ఏడాది తరువాత కూడా ఆ మచ్చ అలాగే ఉంది. పీఎస్‌ఏ, వేలి పరీక్ష, కుటుంబ చరిత్ర ముందే చేతిలో ఉన్నాయి కాబట్టి ఈ లెక్క వేయడం సాధ్యమైంది. ప్యాకేజీలో స్కాన్ ఒక్కటే చేయించుకుని అదే రిపోర్టు పట్టుకుని వెళ్లి ఉంటే బయాప్సీ బల్ల ఎక్కి ఉండేవాణ్ణేమో.

ఇక స్కాన్ సామర్థ్యం గురించి ప్రచారంలో చెప్పే అంకెల సంగతి. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ప్రోమిస్ అధ్యయనంలో 576 మంది పురుషులను పరిశీలించారు. చికిత్స అవసరమైన క్యాన్సర్లలో ఎమ్మారై 93 శాతాన్ని పట్టుకోగా, అప్పటి మామూలు బయాప్సీ 48 శాతాన్నే పట్టుకుంది. ఆ 93 చూసి అందరూ ముచ్చటపడతారు. అదే అధ్యయనంలో స్పెసిఫిసిటీ 41 శాతమే, అంటే అలాంటి క్యాన్సర్ లేనివారిలో సగానికి పైగా మందికి స్కాన్ అనుమానాన్ని చూపించింది. పైగా వారంతా పీఎస్‌ఏ పెరిగో మరో కారణం వల్లనో ముందే అనుమానంతో వచ్చినవారు. ఏ అనుమానమూ లేని మీవంటి వారిలో జబ్బే తక్కువగా ఉంటుంది కాబట్టి, అదే స్కాన్ చూపించే మచ్చల్లో ఉత్తుత్తివి నిష్పత్తిలో ఇంకా పెరుగుతాయి.

అయినా రెండో వైపు కూడా చెప్పాలి, ఎందుకంటే మీ బావమరిది వాదనలో బలం ఉంది. లండన్‌లోనే మామూలు పురుషులను పిలిచి చేసిన రీఇమాజిన్ అధ్యయనం 2023లో వెలువడింది. పీఎస్‌ఏ, ఎమ్మారై రెండూ చేయించుకున్న 303 మందిలో 48 మందికి స్కాన్‌లో మచ్చ కనబడింది. మొత్తం మీద 29 మందికి చికిత్స అవసరమైన క్యాన్సర్ తేలింది, వారిలో సగానికి పైగా మందికి పీఎస్‌ఏ 3 కంటే తక్కువే. పీఎస్‌ఏ కొందరిని వదిలేస్తుందన్నది వాస్తవం. కాకపోతే అక్కడ చిత్రాలు చదివింది దానిలో ఆరితేరినవారు, పీఎస్‌ఏ డెన్సిటీని కూడా పక్కన పెట్టుకుని చూశారు. ఇలా ముందుగా కనిపెట్టడం వల్ల ప్రాణాలు ఎన్ని నిలుస్తాయో తేల్చాలంటే ఏళ్ల తరబడి చూడాలి. అందుకే 3 లక్షల మంది వరకు పురుషులతో బ్రిటన్‌లో ట్రాన్స్‌ఫార్మ్ అనే పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. అక్కడి జాతీయ స్క్రీనింగ్ కమిటీ 2025 నవంబరులో ఇచ్చిన ముసాయిదాలో కూడా రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు కూడా కారణమయ్యే బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్న 45 నుంచి 61 ఏళ్ల పురుషులకు మాత్రమే రెండేళ్లకోసారి పరీక్షలు సిఫారసు చేసింది. అంటే ఆ దేశంలో ప్రైవేటుగా దొరికే సేవను అక్కడి ప్రభుత్వ వ్యవస్థ అప్పటికి అందరికీ సిఫారసు చేయలేదు.

పీఎస్‌ఏకు మాత్రం దీర్ఘకాలపు ఆధారం ఉంది. ఐరోపాలో 8 దేశాల్లో 1,62,000 మందిని 23 ఏళ్లు గమనించగా, పరీక్షకు పిలిచిన ప్రతి 456 మందికి ఒక ప్రోస్టేట్ క్యాన్సర్ మరణం తప్పినట్లు 2025లో ప్రకటించారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 2022లో వెలువడిన ఫలితాలను బట్టి, పీఎస్‌ఏ పెరిగినవారికి ఎమ్మారై తీసి, మచ్చ ఉన్నచోట మాత్రమే బయాప్సీ చేస్తే, ప్రమాదం లేని క్యాన్సర్లను అనవసరంగా బయటపెట్టడం సగానికి తగ్గింది. ముందు రక్తపరీక్ష, తరువాత స్కాన్ అన్న వరుసకు అదే ఆధారం.

ప్రమాదం లేని క్యాన్సర్ అంటే ఆశ్చర్యంగా ఉండవచ్చు. క్యాన్సర్ కణాల తీవ్రతను చెప్పే గ్లీసన్ స్కోరు 3+3 అని బయాప్సీ రిపోర్టు వచ్చే రకం చాలా నెమ్మదిగా ఉంటుంది, దానికి సాధారణంగా వెంటనే కోత పెట్టకుండా గమనిస్తూ ఉంటారు. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అధ్యయనంలో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని 15 ఏళ్లు చూశారు. ఆపరేషన్ చేయించుకున్నా, రేడియేషన్ తీసుకున్నా, గమనిస్తూ ఉండిపోయినా ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవారు మూడు జట్లలోనూ 3 శాతం దగ్గరే. కానీ క్యాన్సర్ అన్న మాట ఒకసారి ఇంట్లోకి వచ్చాక గమనిస్తూ కూర్చోవడం మన కుటుంబాల్లో ఎంత కష్టమో మీకు తెలుసు. తీసిపారేయమని పిల్లలు పట్టుబడతారు. ఆపరేషన్ తరువాత మూత్రం చుక్కలుగా కారడం, దాంపత్య జీవితం దెబ్బతినడం వంటివి చాలామందికి ఎదురవుతాయి. ఆ మాట ముందు చెప్పేవారు తక్కువ.

బయాప్సీ దాకా వస్తే మరో విషయం గుర్తుంచుకోండి. మలద్వారం గుండా సూది వేసే పాత పద్ధతిలో పేగులోని సూక్ష్మజీవులు రక్తంలోకి చేరవచ్చు. మన దేశంలో యాంటీబయాటిక్‌లకు లొంగని ఈ-కోలై అనే పేగు బ్యాక్టీరియా ఎక్కువ కాబట్టి, మలద్వారానికీ వృషణాలకూ మధ్య చర్మం గుండా చేసే ట్రాన్స్‌పెరీనియల్ బయాప్సీ చేస్తారేమో అడగండి. ప్రోస్టేట్‌కు టీబీ సోకినా, మూత్రాశయ క్యాన్సర్‌కు బీసీజీ మందు తీసుకున్నా వచ్చే వాపు ఎమ్మారైలో అచ్చం క్యాన్సర్‌లాగే కనబడవచ్చు. టీబీ ఉన్న మన దేశంలో ఈ మాట చదివేవారికి గుర్తుండాలి. మీకు గతంలో టీబీ వచ్చి ఉంటే స్కాన్ చీటీ మీద అది రాయించండి.

మీరు ఇప్పుడు చేయదగినది చెబుతాను. పీఎస్‌ఏ ఏ ల్యాబులోనైనా కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది, ఎమ్మారైకి వేలు అవుతాయి. పరీక్షకు ముందు రెండు రోజులు వీర్యస్ఖలనం కాకుండా, సైకిలు ఎక్కువసేపు తొక్కకుండా చూసుకోండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉంటే అది తగ్గాక కొన్ని వారాలు ఆగండి. జుట్టు రాలకుండా ఫినస్టరైడ్ మాత్ర వేసుకుంటుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే అది పీఎస్‌ఏను సుమారు సగానికి తగ్గించి చూపుతుంది. నాన్నగారికి, సోదరులకు ఈ జబ్బు ఉందా, తల్లి వైపు ఆడవారిలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఉన్నాయా అన్నది ఇంట్లో పెద్దవారిని అడిగి రాసుకోండి, బీఆర్‌సీఏ లోపం ఆ దారిలోనూ రావచ్చు. ఖర్చు గురించి ఆలోచన ఉంటే పంజాగుట్ట నిమ్స్‌లోనూ, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ యూరాలజీ విభాగాలు ఉన్నాయి.

పీఎస్‌ఏ తక్కువగా ఉండి, కుటుంబంలో ఎవరికీ లేకపోతే, నేనైతే ఆ ప్యాకేజీ జోలికి పోను. పీఎస్‌ఏ 3 దాటినా, కుటుంబంలో ఉన్నా, డాక్టరు చీటీతో ఎమ్మారై తీయించుకోండి. అప్పుడు కూడా 3 టెస్లా (అయస్కాంత శక్తి ఎక్కువ ఉండే) యంత్రమేనా అని అడగడంతో ఆగిపోకుండా, మీ చిత్రాలు చదివే రేడియాలజిస్టు ప్రోస్టేట్ స్కాన్లు క్రమం తప్పకుండా చదువుతారా అని అడగండి. రిపోర్టు కాగితంతో పాటు చిత్రాలన్నీ ఉన్న సీడీనో లింకునో అక్కడే తీసుకుని, ఇంటికి వచ్చాక అది తెరుచుకుంటుందో లేదో చూసుకోండి.