కృతజ్ఞతల డైరీ మొక్కుబడిగా మారితే

టీచరైన మీరు, కృతజ్ఞత అనిపించే విషయాలు రాసుకునే డైరీలో ‘పిల్లలు, ఉద్యోగం, ఆరోగ్యం’ అని రోజూ అవే రాస్తున్నానని, మనసుకేమీ తగలడం లేదని అన్నారు. లోపం మీలో లేదు. ఆ మాటలు మరీ పెద్దవి, పైగా రోజూ రాస్తున్నారు.

1. రోజూ వద్దు, వారానికొకసారి చాలు. మనస్తత్వవేత్త సోన్యా ల్యుబొమిర్‌స్కీ బృందం 2005లో ప్రచురించిన ఫలితాల్లో వారానికొకసారి రాసినవారికే మేలు కనిపించింది, మూడుసార్లు రాసినవారికి కాదు.

2. ‘పిల్లలు’ అని రాయకండి. ఉదాహరణకు, మీ తరగతిలో భిన్నాల కూడికలో హారాలను కూడా కూడేస్తున్న పక్క పిల్లవాడికి వృత్తం గీసి, ముక్కలు చేసి చూపించిన అమ్మాయి గురించి రాయండి.

3. దాని కిందే ‘ఇది ఎందుకు జరిగింది?’ అని రాసి జవాబివ్వండి. చాలామంది వదిలేసేది ఇదే. మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో పరీక్షించిన ‘మూడు మంచి విషయాలు’ అభ్యాసంలో ప్రతి విషయానికీ కారణం రాయాలన్నది షరతు. ఆ అమ్మాయికి వృత్తం గీయాలని ఎలా తోచింది? మీరు బోర్డు మీద గీసినందుకా? కిందటి ఏడాది టీచరు వేసిన పునాదా? వాడు బిక్కమొహం వేస్తే చూడలేకపోయిందా? జవాబు వెతికితే థాంక్స్ చెప్పాల్సిన మనిషి కనబడతారు. మొదట్లో ‘తెలియదు’ అనే వస్తుంది, ఫరవాలేదు, ఒక ఊహ రాయండి.

4. ఆ మనిషికి చెప్పేయండి, రెండు వాక్యాల చీటీ అయినా సరే. ఎబ్బెట్టుగా ఉంటుందని మనం అనుకున్నంతగా అవతలివారికి అనిపించదని 2018లో పరిశోధకులు కుమార్, ఎప్లీల అధ్యయనం తేల్చింది. పిల్లలకైతే విడిగా చెప్పండి. తరగతి ముందు పొగిడితే కొందరు ముడుచుకుపోతారు.

ఒకవేళ అసలు బాధ పనిభారమే అయితే ఈ డైరీ దానికి మందు కాదు. పీరియడ్ల సంగతి ప్రధానోపాధ్యాయులతో మాట్లాడాల్సిందే.