నువ్వు పంపిన మందుల పెట్టె ఫోటో చూశాను

చిరంజీవి అబ్బాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. పెదనాన్న మోకాలి నొప్పి కొంచెం తగ్గింది.

నువ్వు ఫోన్లో పంపిన పశువుల మందుల పెట్టె ఫోటోని పెద్దది చేసుకుని రెండుసార్లు చూశాను. "పెద్దమ్మా, ఇంకా ఏమేం కొని పెట్టుకోమంటావు?" అని అడిగావు. నాకైతే అందులోంచి తీసెయ్యాల్సినవే ఎక్కువ కనిపించాయి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను నాన్నా. నాలుగు ముర్రా గేదెలు, రెండు దూడలు, వాకిట్లో కుక్క, అన్నీ నిన్ను నమ్ముకుని ఉన్నాయి.

ముందు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. నువ్వు బడికి కూడా వెళ్ళని రోజుల మాట. మా పెద్ద గేదెకు పొదుగు వాపు వచ్చింది. యాంటీబయాటిక్ (బాక్టీరియాను చంపే మందు) ఇంజెక్షన్ వేయించాం. రెండో రోజుకే వాపు దిగింది. పాడైన చన్ను పాలు పారబోసి, మిగతా మూడింటి పాలు శుభ్రంగానే ఉన్నాయి కదా అని క్యానులో పోశాను. ఆ రోజే పక్కింటివాళ్ళు అమ్మాయి నిశ్చితార్థానికని పది లీటర్లు తీసుకెళ్ళారు. రాత్రి కాచి తోడు పెట్టారు. తెల్లారి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. తోడు మంచిది కాదేమో అని వాళ్ళు, చలికి తోడుకోలేదేమో అని నేను అనుకున్నాం. వారం తర్వాత పశువుల డాక్టరు గారు చెబితే తెలిసింది. పాలను పెరుగు చేసేది తోడులోని సూక్ష్మజీవులు. గేదెకు వేసిన మందు పాలల్లోకి దిగి వాటిని చంపేసింది. పాలు తోడుకోకపోయినా పరవాలేదు, కానీ ఆ రోజుల్లో మా పాలు తాగిన పసిపిల్లలెంతమందో అని ఆలోచిస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అందుకే నీకు మొట్టమొదట చెప్పేది ఇది. యాంటీబయాటిక్ ఒక చన్నులోకి ఎక్కించినా సరే, రక్తంలో కలిసి నాలుగు చన్నుల పాలల్లోకీ వస్తుంది. సీసా మీద, అట్టపెట్టె మీద పాలు ఎన్ని రోజులు వాడకూడదో రాసి ఉంటుంది. చివరి మోతాదు వేసిన పూట నుంచి ఆ రోజులు లెక్కపెట్టాలి. ఏమీ రాసి లేకపోతే మన దేశ ఔషధ నియమాల ప్రకారం పాలకు కనీసం 7 రోజులు, మాంసానికి కనీసం 28 రోజులు ఆగాలి. ఆ పాలు దూడకు పట్టకు, కుక్కకు పోయకు. కొంచెం కొంచెం మందు తాగుతూ పెరిగిన దూడ కడుపులో ఆ మందుకు లొంగని క్రిములే మిగులుతాయి. దొడ్డికి దూరంగా గుంట తీసి అందులో పారబోయి. పెరుగు తోడుకుంటోంది కాబట్టి మందు పోయిందని కూడా అనుకోవద్దు. తక్కువ మోతాదులో మందు ఉన్నా పాలు తోడుకుంటాయి. రోజుల లెక్కే మనకు ఆధారం. ఏడు రోజుల పాలు పోవడమంటే ఎంత నష్టమో నాకు తెలుసు. అందుకే పొదుగు వాపు రాకుండా చూసుకోవడం మీద మనసు పెట్టు. పాలు పితికిన వెంటనే చన్నులను అయోడిన్ మందులో ముంచు. తర్వాత ఓ అరగంటైనా గేదె కింద పడుకోకుండా ముందు పచ్చిగడ్డి వెయ్యి. పితికిన తర్వాత చన్ను రంధ్రం కాసేపు తెరుచుకునే ఉంటుంది. అప్పుడు పేడలో పడుకుంటే జబ్బు లోపలికి పోతుంది.

ఇప్పుడు నీ రెండో గేదె సంగతి. పాలల్లో ముక్కలు పడుతున్నాయి, చన్నులోకి ఎక్కించే మందు ట్యూబు ఏది కొనమంటావు అన్నావు. ఏ ట్యూబూ కొనకు. మొదటి మందు పడకముందే ఆ చన్ను పాలు కొన్ని తీసి పరీక్షకు పంపాలి. చన్ను కొనను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలో పట్టు. దాన్ని ఐసు మీద పెట్టి జిల్లా కేంద్రంలోని పశువ్యాధి నిర్ధారణ ల్యాబుకు పంపితే, ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో చెబుతారు. మందు పడ్డాక తీసిన పాలల్లో క్రిమి దొరకకపోవచ్చు. ఫలితం వచ్చేలోపు ఏం వెయ్యాలో డాక్టరు గారు చూసి చెబుతారు. ఈలోగా నువ్వు చెయ్యగలిగింది ఉంది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి రుబ్బితే ఎర్రటి ముద్ద అవుతుంది. దాన్ని నీళ్ళతో పల్చగా చేసి, పొదుగు కడిగి, రోజుకు పదిసార్లు చొప్పున ఐదు రోజులు రాయాలి. జాతీయ పాడి అభివృద్ధి మండలి వాళ్ళు ఊరూరా చెబుతున్న పద్ధతే ఇది. మొదట్లోనే పట్టుకుంటే నాకు చాలాసార్లు పనిచేసింది. గేదెకు జ్వరం ఉన్నా, మేత మానేసినా దీనితో రోజులు గడపవద్దు.

డాక్టరు ఐదు రోజులు వెయ్యమంటే ఐదు రోజులూ వెయ్యి. మూడో రోజుకు పాలు తెల్లబడ్డాయని ఆపితే చావని క్రిములు మిగులుతాయి, నెల తిరక్కుండా అదే చన్ను మళ్ళీ వాస్తుంది.

చాలామంది డబ్బు పోగొట్టుకునేది మరోచోట. యాంటీబయాటిక్ బాక్టీరియా మీదే పనిచేస్తుంది. గాలికుంటు వైరస్ వల్ల వస్తుంది, లంపీ చర్మ వ్యాధి కూడా అంతే. మూడు రోజుల జ్వరమూ వైరస్ వల్లే, గొడ్డు ఉన్నట్టుండి కుంటుతుంది, ఒళ్ళు బిగుసుకుంటుంది. దాని పేరులోనే ఉంది ఎన్నాళ్ళు ఉంటుందో. దానికి వరసగా మూడు రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేస్తారు, నాలుగో రోజు గొడ్డు లేచి మేస్తుంది, మందు భేషుగ్గా పనిచేసిందని అందరికీ చెబుతారు. ఇలాగే ఊళ్ళలో ప్రతి కుంటుకీ ప్రతి జ్వరానికీ అదే సీసా అలవాటైపోయింది.

పాల జ్వరం ఇంకో రకం. పేరులో జ్వరం ఉంది కానీ ఒళ్ళు చల్లబడుతుంది. ఈనిన రెండు మూడు రోజుల్లో గేదె లేవలేక, మెడ డొక్క వైపు తిప్పుకుని పడుకుంటే, చెవులు చల్లగా ఉంటే అది కాల్షియం పడిపోవడం. యాంటీబయాటిక్ దానికి ఎందుకూ పనికిరాదు. కాల్షియం నరంలోకి నెమ్మదిగా ఎక్కించాలి, తొందరపడితే గుండె ఆగిపోతుంది. అది డాక్టరు చేతి పని.

గొంతువాపు విషయంలో మాత్రం గంటలు లెక్క. తొలకరి రోజుల్లో గొడ్డుకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చి, గొంతు కింద వాచి, గురకలా శబ్దం వస్తుంటే ఒక్క పూట కూడా ఆగకు. అప్పుడు సరైన యాంటీబయాటిక్ వెంటనే పడితేనే బతుకుతుంది. 1962 కు ఫోన్ చెయ్యి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ అదే నంబరు. వానలకు ముందే టీకా వేయిస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

ఇక నీ పెట్టె. సెఫ్ట్రియాక్సోన్ సీసాలు ఆరు కనిపించాయి. అది మనుషులకు పెద్ద జబ్బులు చేసినప్పుడు ఆసుపత్రుల్లో ఎక్కించే యాంటీబయాటిక్. కట్టడి ఉన్న మందుల పట్టిక హెచ్1 షెడ్యూల్లో ఉంది, డాక్టరు చీటీ చూసి రిజిస్టరులో రాసుకునే అమ్మాలి. నీకు చీటీ లేకుండా ఇచ్చారంటే ఆ షాపుకు మళ్ళీ వెళ్ళకు. మన దొడ్లో దాన్ని అరిగించేస్తే రేపు మన ఇంట్లో ఎవరికైనా అవసరమైనప్పుడు అది పనిచెయ్యకపోవచ్చు.

డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు మనుషులవి, నొప్పికని కొన్నావు. పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు. నా చిన్నప్పుడు గొడ్డు చచ్చిపోతే ఊరి బయట వేసేవాళ్ళు, గంటలో రాబందులు దిగేవి. ఆ మందు ఒంట్లో ఉన్న గొడ్డును తిని వాటి కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. మీ తరానికి రాబందంటే పుస్తకంలో బొమ్మే. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకు నిషేధించారు. నొప్పికి, వాపుకు మెలోక్సికామ్ ఉంది, అది రాబందులకు హాని చెయ్యదు. డాక్టరును అడిగితే అదే రాస్తారు.

పాలు చేపడానికని ఆక్సిటోసిన్ కూడా పెట్టుకున్నావు. అది తీసెయ్యి నాన్నా. పూటపూటా సూది పొడిచి పాలు పిండుకోవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. దూడను వదులు, నాలుగు నిమిషాలు పొదుగు నిమురు, దాణా ముందు పెట్టు. ఓపిక పడితే గేదె చేపుతుంది.

కడుపులో పురుగుల మందు ఆల్బెండజోల్ ఉంచుకో, కానీ కొత్తగా చూడి కట్టిన గేదెకు వెయ్యకు, కడుపులో దూడకు ప్రమాదం. పేడ పరీక్ష చేయించి, పురుగులుంటేనే వెయ్యి.

యాంటీబయాటిక్ అసలు ఇంట్లో నిలవ పెట్టుకోవద్దు. ఎదురుగా ఉంటే చెయ్యి ఊరుకోదు. దాని బదులు మంచి థర్మామీటరు, స్పిరిట్, దూది, అయోడిన్, పురుగులు పడ్డ పుండ్లకు స్ప్రే, ఒక కొలత టేపు ఉంచుకో. టేపు ఎందుకంటే, మందు మోతాదు అంతా బరువు మీదే ఉంటుంది, మనం కంటితో చూసి తక్కువ అంచనా వేస్తాం. ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసి, దాన్ని దానితోనే హెచ్చించు. భుజం నుంచి తుంటి ఎముక చివరిదాకా పొడవుతో మళ్ళీ హెచ్చించి, 660తో భాగించు. చుట్టు 76, పొడవు 58 వస్తే గేదె దాదాపు 508 కిలోలు. 350 కిలోల మోతాదు దానికి వేస్తే జబ్బు తగ్గదు, క్రిమి మాత్రం గట్టిపడుతుంది.

కొనేటప్పుడు చీటీ ఉండాలి, బిల్లు తీసుకోవాలి. బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయించు. పశువుల మందు మీద జంతువు తల బొమ్మ, 'మనుషులకు కాదు' అన్న మాట ఉంటాయి, చూసుకో. ఎండాకాలం మందు బండి డిక్కీలో పెట్టుకుని ఊళ్ళు తిరగకు.

యాంటీబయాటిక్ మాత్రలు పెద్ద గొడ్డుకు నోట్లో వెయ్యకు. నెమరువేసే పశువు మేత అరిగించేది కడుపులోని సూక్ష్మజీవులే, అవి చస్తే గొడ్డు మేత మానేస్తుంది. ఏ మందైనా తాగించేటప్పుడు తల పైకెత్తి, నాలుక లాగి పట్టుకుని గొట్టంతో పోస్తారే, అలా చెయ్యొద్దు. మందు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిన గేదెల్ని రెండింటిని చూశాను. ఇంజెక్షన్ వెయ్యాల్సి వస్తే ఒక్కో గొడ్డుకు ఒక్కో సూది. ఒకే సూది దొడ్డంతా తిప్పితే ఒకదాని రక్తంలో జబ్బు అన్నిటికీ అంటుకుంటుంది.

కుక్క గురించి. ఒళ్ళు వేడిగా ఉందని దానికి పారాసిటమాల్ వేశానన్నావు, భయమేసింది. కుక్కకు మామూలుగానే 101 నుంచి 102 డిగ్రీలు ఉంటుంది, మన చేతికి జ్వరంలా తగులుతుంది. మనం వేసుకునే నొప్పి మాత్రలు, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు తీస్తాయి. పిల్లికైతే ఒక్క పారాసిటమాల్ బిళ్ళ చాలు ప్రాణం పోవడానికి. గేదెల ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ పిడుదులకని దానికి అంచనాగా వెయ్యకు, ఆ సీసాలో బలం పెద్ద గొడ్డుకు సరిపడేది. పిడుదుల జ్వరమని తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు రాస్తారు. రెండో రోజుకే అది తోకాడిస్తూ అన్నం తింటుంది, అందరూ ఆపేసేది అక్కడే. ఇరవై ఎనిమిది రోజులూ వెయ్యి. అన్నం పెట్టాక వెయ్యి, పరగడుపున వేస్తే వాంతి చేసుకుంటుంది. పాలల్లో కలిపి మాత్రం వెయ్యకు, మందు సరిగ్గా ఒంటికి పట్టదు.

దొడ్లో గోడకు ఒక నోటుపుస్తకం కట్టు. ఏ గేదెకు, ఏ మందు, ఎంత, ఏ పూట, పాలు ఏ రోజు నుంచి పొయ్యొచ్చు. రాత్రి పాలు తీసేది మీ ఆవిడైనా, పనిమనిషైనా అది చూడకుండా క్యానులో పొయ్యకూడదు. మందు వేసిన గేదె కొమ్ముకు ఎర్ర గుడ్డ కడతాను నేను, చీకట్లో కూడా తెలుస్తుంది.

ఈ ఉత్తరం అందేసరికి డాక్టరు గారు వచ్చి వెళ్ళి ఉంటారు. ఏం రాశారో చీటీ ఫోటో పంపు. ఆ గేదెకు ఎర్ర గుడ్డ కట్టాక ఆ ఫోటో కూడా పంపు.

ఇట్లు
మీ పెద్దమ్మ