నూనె కోసం ఈములను పెంచడం తప్పా? పెంచి చూసినవాడిగా నా జవాబు

"ఒక్క నూనె కోసం అంత పెద్ద పక్షిని పెంచి చంపడం అన్యాయం కాదా?" అని అడిగారు. ఒక్క నూనె కోసమే అయితే ముమ్మాటికీ అన్యాయమే. నేను కొన్నేళ్లు ఈములను పెంచాను, కోశాను, కొవ్వు కరిగించి నూనె తీశాను. కొవ్వు మాత్రం తీసుకుని మిగతాదంతా గోతిలో పూడ్చేసేవాళ్లనూ చూశాను, వాళ్లతో నాకు ఇప్పటికీ పడదు.

అసలు ఆ కొవ్వు ఎందుకుంటుందో చాలామందికి తెలియదు. ఈములు చలికాలంలో గుడ్లు పెడతాయి. అంతకుముందే బాగా తిని వీపు మీద, పొట్ట దగ్గర కొవ్వు పట్టిస్తాయి. గుడ్లు పొదిగేది మగపక్షి. ముదురాకుపచ్చ గుడ్ల మీద దాదాపు 8 వారాలు కూర్చుంటుంది, వాటిని తిప్పడానికి లేస్తుందే తప్ప తిండీ నీళ్లూ దాదాపుగా ముట్టదు, ఒంట్లో కొవ్వుతోనే నెట్టుకొస్తుంది. మనం సీసాలో నింపుకునేది దాని పస్తుల కోసం అది దాచుకున్న సరుకు. ఈ సంగతి తెలిశాక నూనె కాస్త ఒలికినా నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

నాకు ఈ పని నేర్పింది ఒక పెద్దాయన. ఆయన దగ్గర మొదటిసారి ఒక మగపక్షిని కోసిన రోజు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. మేం ఇద్దరం కుర్రాళ్లం దాన్ని తరిమి పట్టబోతే గట్టిగా అరిచి ఆపేశాడు. "పరిగెత్తించిన పక్షిని నేను ఇవాళ ముట్టను" అన్నాడు. ఈము కాలితో ముందుకు గట్టిగా తంతుంది కాబట్టి వెనక నుంచి వెళ్లి, ఆ చిన్న రెక్కలు రెండూ పట్టుకుని, దాని అడుగులో అడుగు వేస్తూ చీకటిగా ఉన్న షెడ్డులోకి నడిపించాడు. చీకట్లో అది శాంతించేదాకా ఆగాం. స్పృహ తప్పించాకే కత్తి పెట్టాడు. బెదిరిపోయి చచ్చిన పక్షి కొవ్వు కరిగిస్తే వాసన వేరేగా వస్తుందని నా గట్టి నమ్మకం, ఎవరు కాదన్నా సరే.

ఈకలు పీకి తోలు ఒలిచాక వీపు మీది కొవ్వు మందపాటి దిండులా చేతుల్లోకి వచ్చింది, ఇంకా వెచ్చగానే ఉంది. దాన్ని చిన్న ముక్కలు కోసి సన్నటి సెగ మీద పెట్టాం. మంట పెంచుదామంటే ఒప్పుకోలేదు, మాడితే నూనె పాడవుతుందని. గుడ్డలో వడగట్టి చల్లారనిస్తే అడుగున మీగడలాంటిది పేరుకుంది, పైన లేత పసుపు నూనె తేలింది. పనైపోయిందనుకుని మేం చేతులు కడుక్కుంటుంటే "ఇప్పటికి సగమే అయింది" అన్నాడు. తోలుకు ఉప్పు పట్టించాం. కాళ్ల మీది పొలుసుల తోలు విడిగా ఒలిచాం, బెల్టులకు, పర్సులకు అది బాగా పనికొస్తుంది. ఎగరని పక్షి కాబట్టి రొమ్ములో పెద్దగా కండ ఉండదు, మాంసమంతా తొడల్లోనే, ముదురు ఎరుపు. ఈకలు కడిగి ఆరబెట్టాం. ఒక్కో మొదలు నుంచి రెండేసి ఈకలు వస్తాయని ఆ రోజే చూశాను. ఎముకలు ఉడకబెట్టాం. పిల్లలు రాని గుడ్ల పెంకులు ఆయన ముందే దాచి ఉంచాడు, పైన ఆకుపచ్చ, లోపల తెలుపు పొరలు కాబట్టి చెక్కితే బొమ్మలు తేలతాయి.

ఇదేమీ కొత్త పద్ధతి కాదు. ఆస్ట్రేలియా ఆదివాసులు మాంసం తినేవాళ్లు, కొవ్వు ఒంటికి రాసుకునేవాళ్లు, ఎర్రమట్టిలో కలిపి వేడుకలకు రంగు చేసుకునేవాళ్లు, ఎముకలతో కత్తులు చేసుకుని, కండను ఎముకకు పట్టి ఉంచే నరాలను తాడులా వాడేవాళ్లు. ఆ తర్వాత మనలాంటివాళ్లం వచ్చి దాన్ని స్కీముగా మార్చాం. 1990ల్లో అమెరికాలో అదే జరిగింది. పక్షుల జతలు ఒకరికొకరు అమ్ముకుంటూ ధరలు పెంచుకుపోయారు, మాంసం కొనేవాళ్లను మాత్రం ఎవరూ వెతకలేదు. ధర పడిపోయాక కొందరు పక్షులను రోడ్ల మీదికి వదిలేశారు. ఇక నూనెతో కీళ్లనొప్పుల నుంచి క్యాన్సర్ దాకా అన్నీ తగ్గుతాయని చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మందులకు అనుమతిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఆ నూనెను ఏ జబ్బుకూ మందుగా ఆమోదించలేదు. అందులో ఎక్కువగా ఉండేది ఒలీక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం, పొడిబారిన చర్మానికి, పగిలిన మడమలకు హాయిగా ఉంటుంది. ఆ మాట చాలదా? అబద్ధాలు చెప్పి అమ్మడం కూడా ఆ పక్షిని అవమానించడమే.

మీరు పెంచాలనుకుంటుంటే కంచె మనిషి ఎత్తు ఉండాలి, ముళ్లతీగ వద్దు. ఈము పిల్లలను నున్నటి నేల మీద ఉంచితే కాళ్లు పక్కలకు జారిపోయి కుంటివవుతాయి. అన్నిటికంటే ముందు మాంసం ఎవరు కొంటారో, తోలు శుద్ధి చేసేదెవరో కనుక్కోండి. ఆ రెండూ తేలేదాకా ఒక్క పిల్లను కూడా తెచ్చుకోకండి, నూనె కొనడానికి ఎంతమంది సిద్ధంగా ఉన్నా సరే.